ఇరవై అయిదో జెర్సీ

రీగాలో మే నెల.
దౌగవ నది మీద మంచు విరిగి కొట్టుకుపోయి చాన్నాళ్ళయింది.
మా ఆఫీసు కిటికీ కింద ఒక ముసలాయన
పులిసిన బిర్చి చెట్టు రసం సీసాల్లో అమ్ముతున్నాడు.
ఊరు మొత్తానికి మంచు మిగిలింది ఒక్కచోటే,
అరవై మీటర్ల పొడవున, పైకప్పు కింద,
యంత్రాలు ఊపిరి బిగబట్టి కాపాడుతున్న పలక.

నా పని తేదీలు కుట్టడం.
సముద్రం అవతలి లీగ్
అక్టోబర్ నుంచి జూన్ దాకా తాను మొత్తం తానే కత్తిరించుకుని
పీలికలు మాకు విసురుతుంది.
నవంబర్లో నాలుగు రోజులో అయిదో,
ఫిబ్రవరిలో, వాళ్ళకి మనసైన ఏడు, రెండు వారాలు,
ఇదిగో ఈ మే నెల, అదీ
వాళ్ళ ఆఖరి పోటీలు ఇంకా రగులుతుండగానే.
ఆ అతుకులతోనే పదహారు దేశాలు ఒళ్ళు కప్పుకోవాలి.

వెల్టా మాత్రం నిజంగానే చొక్కాలు కుడుతుంది.
సామాన్ల గదిలో ఆమె, ఆమె కంటే పాత మిషను.
ఇరవై నాలుగు జెర్సీలు కొక్కేలకి వేలాడుతున్నాయి.
ఇరవై అయిదో దానికి వీపు ఖాళీ.
"పేరు వేసేదా?" రోజూ అడుగుతుంది.
"ఆగు. వాడింకా గెలుస్తున్నాడు."

తాలివాల్డిస్.
తల్సి సరస్సు మీద, కాళ్ళకి అట్టముక్కలు కట్టుకుని
గోలు ముందు నిలబడ్డ పిల్లాడు.
ఇప్పుడు తన పేరు సరిగా పలకడం రాని ఊరి తరఫున
ఆరో ఆట. ఓడితే సీజన్ అయిపోయినట్టే.
మాకు రాత్రి రెండు దాటింది.
చిన్న తెర, నలుగురం, నల్ల రొట్టె, ఎవరూ తాగని కాఫీ.
ముప్పై ఎనిమిది ఆపాడు.
ఆపినప్పుడల్లా మా చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టి
వెంటనే ఒళ్ళోకి వచ్చి దాక్కున్నాయి.
మన పిల్లాడు ఓడిపోవాలని
ఏ దేవుణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

అదనపు సమయం, పదకొండో నిమిషం.
ఎవడి కర్రకో తగిలి దారి మళ్ళిన పక్
వాడి భుజం మీంచి.
మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు.
మా గదిలో కేకల్లేవు.
ఎవరో కుర్చీ జరిపారు, అంతే.

నేను కేలండర్ తెరిచాను.
విమానం, ఏడు గంటల తేడా, డాక్టరు సంతకం,
బీమా కాగితం, శనివారం స్లొవేకియాతో మ్యాచ్.
అన్నీ అతికాయి, వేలు పట్టే సందు లేకుండా.
ఇన్నేళ్ళలో ఏడవడానికంటూ ఒక గడి
నేనెప్పుడూ వదల్లేదు.

ఆరింటికి ఫోను.
"వస్తాను" అన్నాడు.
తర్వాత చాలాసేపు గాలి చప్పుడే.
"ఒక్క రోజు ఆగి రావచ్చా?"

శనివారం మీద నా వేలు.
నేను నోరు తెరిచేలోగా వెల్టా
దారం తెంపి, మిషను మీద గుడ్డ కప్పేసింది.
"పేరు పొడుగు," అంది, ఫోనుకి వినపడేలా,
"కుట్టడానికి రెండు రోజులు పడుతుంది."