బేసి సంఖ్యలు నావి

ఒకటి, మూడు, ఐదు, ఏడు నేను కొనాలె.
రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది ఓదెలు.
పాలిటెక్నిక్ మొదటి ఏడాది
హనుమకొండ చౌరస్తాల
చెరి సగం తాగిన చాయ్ మీద ఒప్పందం అది.
ఒక్కని జేబుకు ఒడవని కథ
ఇద్దరి జేబులకు ఒడుస్తదనుకున్నం.

తొమ్మిదోది మూడేండ్లు అట్టపెట్టెలనే ఉన్నది,
మీది ప్లాస్టిక్ కాయితం చింపకుండ.

నిన్న రాత్రి ఏనుమాముల కోల్డ్ స్టోరేజీల డ్యూటీ.
కంప్రెసర్ గురక పెడుతున్నది.
మిర్చి లాట్ నంబర్లు రిజిస్టర్ల ఎక్కించి
చేతులు కడుక్కొని
వెనుక అట్ట నుంచి తెరిచిన.
జపాన్ బొమ్మల పుస్తకానికి అదే ముందు.
(మా నాయిన ఒకసారి తిరగేసి చూసి
"తల్కిందుల కుట్టిండ్రు, వాపస్ ఇయ్యి" అన్నడు.)

కథల పిలగాడు పడవ మీద ఉత్తరాలు పంచుతడు.
సాదిన ముసలి పంతులమ్మకు పాణం బాగుండదు.
ఈ సంచి ఒడవంగనే పోత అంటడు.
గాలి మారినంక. అలలు తగ్గినంక.
ఎనిమిది పుస్తకాల నుంచి నేను వాని దిక్కే.

తొమ్మిదిల, నూట నలభై రెండో పేజీ కాడ
మాటలు బందైనయి.

పదకొండు పేజీలు.
ఒక్క మాట బుడగ లేదు.
కిటికీ. గోడ మీద జరుగుతున్న వెలుతురు.
మంచం పక్క ఖాళీ కుర్చీ.
పొద్దుటి కుర్చీ. పగటీలి కుర్చీ.
కుర్చీ మీద ఎవరో మడిచిపెట్టిన దుప్పటి.
పదకొండో పేజీల మంచం గూడ ఖాళీ.
బొమ్మలేసినాయన ఆమె ముఖం
ఒక్కపారి గూడ చూపియ్యలే.

ఎంజీఎం వార్డుల కుర్చీలుండవు.
ఓదెలు అమ్మ పక్కన ఇనుప స్టూలు ఉండెనట,
ఒక కాలు పొట్టిది, కింద అట్టముక్క పెట్టిండ్రట.
నేను చూడలే. చెప్పంగ విన్న.
పన్నెండు రోజులున్నది కనకవ్వ.
నాకు పరీక్షలుండె. తర్వాత వాన ఉండె.
తర్వాత, ఇన్ని రోజులు పోనోన్ని
ఏం ముఖం పెట్టుకొని పోవాలె అని ఉండె.
పోచమ్మమైదాన్ నుంచి షేర్ ఆటోల పది రూపాయలు.
సర్వపిండి తుంచి పళ్ళెంల ఏసి
"పుస్తకం పక్కకు పెట్టి తినుండ్రి బిడ్డా" అన్న మనిషి.

దినాలకు పోయిన.
ఓదెలు తిట్టలే. తిడితే ఒడిసిపోవు.
గ్లాసుల నీళ్ళు ఇచ్చి అటు తిరిగిండు.

సూపర్‌వైజర్ సాంబరాజు టార్చి కొట్టి
"ఏందిరా ఆ కండ్లు?" అన్నడు.
"మిరపకాయ తాకింది సార్."
"సబ్బుతోటి కడుక్కున్నవ్ గదరా, నేనే చూస్తి."
ఇంకేం అడగలే.
టార్చి బంజేసి గేటు దిక్కు పోయిండు.

మళ్ళ తిప్పిన ఆ పదకొండు పేజీలు,
మెల్లగ, పన్నెండోది ఎక్కడన్న అంటుకొని ఉన్నదేమోనని.
లేదు.
ఆఖరి బొమ్మల పిలగాడు రేవుల నిలబడ్డడు.
సంచిల ఒక్క ఉత్తరం మిగిలింది.
ఎవరికో చూపియ్యలే.
మిగిలిన కథ పదిల.

పది సరి సంఖ్య.

కాశిబుగ్గల ఓదెలుది మొబైల్ రిపేరు దుకాణం.
ఎదురుంగ పంక్చర్ షాపు కాడ నిలబడ్డ,
డ్యూటీ దిగి సీదా ఇటే వచ్చిన.
షట్టరు సగం లేసింది.
కింద కాళ్ళు కనిపిస్తున్నయి, ఊడుస్తున్నట్టున్నడు.
పది కొన్నడో లేదో.
అసలు ఇంక చదువుతున్నడో లేదో.

చినుకులు మొదలైనయి.
తొమ్మిదిని అంగి లోపల పెట్టుకున్న.
రాత్రంత ఆ చలిల ఉన్న అట్ట
పొట్టకు ఇంక చల్లగనే తగులుతున్నది.