ముప్పై రెండు జతలు

మేకు వద్దన్నారు.
రబ్బరు వద్దు, గమ్ము వద్దు,
నైలాను దారం అసలే వద్దు.
"రెండు వేల ఏండ్ల నాటి సంత, చెంగల్రాయా,
మూడు పగళ్ళు, రెండు రాత్రులు
ఏర్పేడు అవతల, స్వర్ణముఖి ఇసుకలో.
అందరం ఆ కాలం మనుషులమే,
ఆట అయ్యేదాకా" అనింది వకుళ మేడం.
సరేనన్నా. అడ్వాన్సు తీసుకున్నా.
ఆ కాలంలో అడ్వాన్సు ఉన్నిందో లేదో
అడగలా.

కొలతలకు నా అంగడి కాడికే వచ్చినారు,
లీలామహల్ సర్కిల్ పక్కన, తోపుడుబండ్ల మధ్యకి.
అట్టముక్క మీద కాలు పెట్టించి పెన్సిలుతో గీసినా.
రెడ్డెప్ప సారు బ్యాంకులో క్యాషియరు,
ఇప్పుడు సార్థవాహుడు, నూరు ఎద్దుల బిడారు ఆయనది,
ఎడమ కాలి కింద ఆనెకాయ.
జరీనా ఫార్మసీ చదివే పిల్ల,
యవనుల ఓడ దిగిన వైద్యురాలంట.
కళ్ళద్దాలు లేకుండా నడవడం నేర్చుకుంటా
నా సైకిలును గుద్దింది.

తిండి కాడ పెద్ద పంచాయితీ.
మిరపకాయ లేదంట అప్పుడు!
చెనిక్కాయ లేదు, టమేటా లేదు, ఉర్లగడ్డ లేదు.
"మరి ఏం తిని బతికినారబ్బా మనోళ్ళు?"
అన్నాడు మునిరత్నం, మిరియాలు నూరతా.

మాటలకూ కత్తెర పెట్టినారు.
జేబు అనకూడదు. కుర్చీ అనకూడదు.
ఖర్చు, హుషారు, అన్నీ తర్వాత వచ్చినవేనంట.
ఆరె అనచ్చు. రంపె అనచ్చు.
తోలు అనచ్చు, లంద అనచ్చు.
నా నోట్లో ఉన్న మాటల్లో సగం
తనిఖీ లేకుండా గేటు దాటినాయి.

తంగేడు చెక్క నానిన నీళ్ళ వాసన
మా తాత పోలయ్య చేతులకి చచ్చేదాకా పోలేదు.
ఆ వాసన వద్దనే నాయన రబ్బరుకి మారినాడు,
అలిపిరి కాడ తెగిన పట్టీలు అతికి
నన్ను పదో తరగతి దాకా తోసినాడు.
ఇప్పుడు ఆ వాసన ఉంటే
జతకి ఎనభై ఎక్కువిస్తామంటా ఉండారు.

పాత్రల కాగితం వచ్చింది.
సుంకం అధికారి, భిక్షువులు నలుగురు,
వర్తకులు, గుర్రాల బేరగాడు, ఒక రాజబంధువు,
అన్నిటికంటే అడుగున:
చెప్పులు కుట్టేవాడు. పేరు గడి ఖాళీ. కథ గడి ఖాళీ.
"నువ్వు నటించే పనే లేదబ్బా,
నీ పని నువ్వు చేసుకుంటే చాలు"
అన్నాడు రెడ్డెప్ప సారు, మంచిమాటే అనుకుని.

ఆ రాత్రి పదిహేడో జతకి అడుగు కుడతా ఉన్నా.
క్యాషియరు బిడారు తోలచ్చు.
ఫార్మసీ పిల్ల సముద్రం దాటచ్చు.
రెండు వేల ఏండ్లు వెనక్కి పోయినా
నేను ఈ పీట మీద నుంచి లేవకూడదా?
ఆరె వేలికి దిగింది.
ఆ జతలో ఎడమదాని లోపల ఒక మచ్చ ఉంటాది,
ఎవరిదో చెప్పను.

పొద్దున్నే మేడం కాడికి పోయినా.
రాజు వేషం అడుగుతానని అనుకునిందేమో, నిట్టూర్చింది.
నేను అడిగింది ఒకటే: అప్పుడు మావాళ్ళకి పేర్లుండేవా?
ఆమె ఏమీ అనలా. బీరువాలో లావు పుస్తకం తీసి
కృష్ణ ఒడ్డున ఒక స్తూపానికి
పూర్ణఘటం చెక్కిన పలక దానమిచ్చిన
తోలుపనివాడి పేరు మీద వేలు పెట్టింది.
తల్లితో, పెండ్లాంతో, బిడ్డలతో కలిసి ఇచ్చినాడంట.
"పేరుండాది" అన్నా.
ఇంకేం అనడానికి రాలా.

మధ్యాహ్నం ఖాళీ గడిలో రాసినా:
పేరు పోలకుడు. తల్లి ఉంది. ఇద్దరు కొడుకులు.
ఒక రాతి పలకకి డబ్బు కూడబెడతా ఉండాడు.
సార్థవాహుడు ఇతనికి పన్నెండు కాసులు బాకీ.
బాకీ కూడా తర్వాత వచ్చిన మాటే కదా,
కొట్టేసి అప్పు అని దిద్దినా.
రెడ్డెప్ప సారు చదివి చానాసేపు నవ్వినాడు,
నవ్వు ఆగినాక ఇంకోసారి చదివినాడు.

ఇంగ ముప్పై రెండో జత మిగిలింది.
అట్టముక్క మీద నా కాలు పెట్టి
నేనే వంగి గీసుకోబోతే గీత వంకర పోయింది.
నాయన చూసి, లేచొచ్చి, మోకాళ్ళ మీద కూలబడి
పెన్సిలు లాక్కున్నాడు.
ఊరందరి కాళ్ళు పట్టిన చెయ్యి
నా మడమని పట్టుకునింది, గట్టిగా.
"కదలాకురా."