ఇవాళ ఎన్నో నంబరు?

ఆర్యెప్లోగ్‌లో సరస్సు గడ్డకట్టాక
దక్షిణం నుంచి కార్లు వస్తాయి,
తామెవరో ఎవరికీ తెలియకూడదని
ఒళ్ళంతా నలుపు తెలుపు గళ్ళ ముసుగేసుకుని.
వాటిని మంచు మీద నడిపి చూడటం నా పని.
సరిగ్గా చెప్పాలంటే
నడపకుండా కూర్చోవడం నా పని.

రాత్రి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే
అక్క అడుగుతుంది:
"ఇవాళ ఎన్నో నంబరు?"

మా మామయ్య వ్యాను సున్నా.
బ్రేకు నొక్కితే కాసేపు ఆలోచిస్తుంది,
హీటరు వేస్తే చేపల వాసన కొడుతుంది.
తప్పయినా నీదే, ఒప్పయినా నీదే,
పేచీ లేదు.

ఒకటి ఒక్క పనే పట్టుకుంటుంది.
వేగమైతే వేగం, లేదంటే స్టీరింగు.
రెండూ అప్పజెప్పబోతే చేతులెత్తేస్తుంది.

రెండు, రెండూ చేస్తుంది గానీ నన్ను నమ్మదు.
రెప్ప వాలితే కూత, చెయ్యి తీస్తే కూత.
అనుమానం మొగుడిలా
"ఉన్నావా? ఉన్నావా?"
ఉన్నాను నాయనా, ఎక్కడికి పోతాను,
చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల మంచు.

మూడుకు మర్యాద ఎక్కువ.
"నేను చూసుకుంటాలే, నువ్వు చదువుకో" అంటుంది.
చదువుకోవచ్చు. నిద్రపోకూడదు.
పిలిస్తే పది సెకన్లలో పలకాలి.
పొయ్యి మీద పాలు పెట్టి కథ చదివినట్టు
పేజీ తిరుగుతుంది, కథ ఎక్కదు.

మొన్న మంగళవారం మంచు పొగ లేచింది.
తెల్లటి మంచు మీద
తెల్లటి రెయిన్‌డీర్ దూడ.
కారు దాన్ని చూసిందో లేదో గానీ
తనకు తెలియడం లేదని మాత్రం తెలుసుకుంది.
అది చిన్న విద్యేం కాదు,
నాకు తెలిసిన మగాళ్ళు చాలామందికి రాదు.
"తీసుకో" అంది.
పేజీలోంచి తల ఎత్తి,
ఎక్కడున్నాను, ఎటు పోతున్నాను, ఆ తెలుపేమిటి,
ఇవన్నీ దాటుకుని చేతులు చక్రానికి చేరేసరికి
ఏడు సెకన్లు.
దూడ తన దారిన పోయింది.
మేము గిరగిరా రెండు చుట్లు తిరిగి ఆగాం.

హెన్నింగ్ కాగితం తెచ్చాడు.
స్టుట్‌గార్ట్ మనిషి, గడ్డం నిండా మంచు.
పదిలోపే కదా, పాసయినట్టే, అన్నాడు.
కింద ఒక ప్రశ్న:
ఆ సమయంలో బండి నడిపింది ఎవరు?
గడులు రెండే. నేను. అది.
నా పెన్ను కదల్లేదు.
చలికి అనుకున్నాడతను.

అక్కకు చెబితే నవ్వలేదు.
పోయిన ఏడు, పెట్రోలు బంకు ముందు,
స్టీరింగు దగ్గర కూర్చునే ఉండగా మూర్ఛ వచ్చింది తనకు.
బండి ఆగే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు.
లైసెన్సు మాత్రం కవరులో పెట్టి పంపించేసింది.
నలభై కిలోమీటర్ల అవతల తన గుడిసె, తన వలలు.
ఇక్కడ తను, ఎవరి వీలు కోసమో చూస్తూ.

"నీ ఏడు సెకన్లలో నేను లేకపోవచ్చు కదా"
అంది మారెత్, కాఫీలో జున్నుముక్క ముంచుతూ.
"ఒకటీ రెండూ మూడూ మీకు.
నడపగలిగిన వాళ్ళకు నడుం నొప్పి తగ్గడానికి.
నాకు లెక్క నాలుగు నుంచే మొదలు."

నాలుగు ఉంది. ఎక్కాను.
ఎర్ర కర్రలు పాతిన హద్దు లోపల
స్టీరింగే లేకుండా ఎంతందంగా తిరుగుతుందో.
వెనక సీట్లో పడుకుంటే లేపదు.
దిక్కు తోచకపోతే తనే పక్కకు తప్పుకుని
లైట్లు కొట్టుకుంటూ నిలబడుతుంది.
కర్ర దాటి ఒక్క అడుగు వెయ్యదు.
అక్క గుడిసె కర్రల అవతల.

అయిదా?
అది హెన్నింగ్ గోడ మీది బొమ్మలో ఉంది.
ఆ బొమ్మలో మంచు లేదు.

ఈ రాత్రి నేను బూట్లు విప్పలేదు.
"ఇవాళ ఎన్నో నంబరు?"
వ్యాను తాళం చూపించి "సున్నా" అన్నాను.
మారుమాట లేకుండా వలల సంచి భుజానికెత్తుకుంది.

దారి పొడుగునా చేపల వాసన.
అడవి మలుపులో, నాకంటే ముందు,
అద్దం మీది మంచు గోటితో గీకుతూ తనే అంది:
"మెల్లగా. ఎడమ పక్క రెండు."

మెల్లగా పోనిచ్చాను.
రెండు కాదు,
మూడు.