పచ్చ

రేణిగుంట రోడ్డులో మాది అద్దె కుండీల నర్సరీ.
బస్టాండు చుట్టూ ఉండే లాడ్జీలకు ఇస్తాం,
కుండీకి నెలకు నూట ఇరవై.
పదిహేను దినాలకొకసారి ఆటో ట్రాలీలో పోయి
అలిసినవాటిని ఎత్తుకొచ్చి
తేరుకున్నవాటిని పెట్టొస్తాను.

లాబీలో బతకడం సుఖమనుకుంటారు.
అక్కడ ఎండ లేదు, ట్యూబులైటు ఉంది.
గాలి లేదు, ఏసీ ఉంది.
కొత్త గుండ్లకు చందనం పూసుకొని వచ్చినోళ్ళు
గది తాళం కోసం నిలబడి
మిగిలిన కాఫీని క్రోటన్ మొదట్లో వంచేస్తారు,
ఈ ఊర్లో దేనికి ఏం పోసినా పుణ్యమే అన్నట్టు.

చెంగల్రాయుడు తాత మా ఓనరు. ఆకులు చదువుతాడు.
చేరిన మొదటి దినమే నన్నడిగినాడు:
"పచ్చంటే ఏంది మే?"
నవ్వినాను.
కళకూ పచ్చే, కామెర్లకూ పచ్చే,
రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టుకున్నోళ్ళం గదా మనం.
"అందుకే, ఏ ఆకు పచ్చబడిందో చూడల్ల.
కింది ముసలాకైతే
తన సత్తువ పీకి పైనున్న పసిదానికి పంపిస్తా ఉంది.
చెనిక్కాయ పిండి నానేసిన తేట ఒక చెంబుడు పొయ్యి, చాలు.
కొన పసిరాకు పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే
ఇనుము అందలేదని.
మట్టిలో లేక కాదు మే,
మన బోరునీళ్ళ సున్నం దానికి తాళమేసి కూర్చుంది.
చిటికెడు నిమ్మఉప్పు కలుపు. అదే తాళంచెవి."

వైశాఖంలో లాడ్జి మేనేజరు గజపతి ఫోన్ చేసినాడు.
పెళ్ళివాళ్ళు దిగుతున్నారు, ఇరవై అరెకాలు,
ఆకులు జిగేల్మనాలంట.
తాత పాకాల పోయున్నాడు.
పంతొమ్మిది పంతొమ్మిది పంతొమ్మిది ప్యాకెట్టు మీద
లీటరుకు ఇన్ని గ్రాములని ఉండింది.
నేను గుప్పెడు వేసినాను.
మా ఇంట్లో గంటె ఎప్పుడూ
గిన్నె అడుగునే గీకేది.
ఒకరికి పెట్టేటప్పుడు
నా చెయ్యి చిన్నది కావడం ఎరగదు.

నాలుగో దినానికి
ఆకు కొనకొననా అగరొత్తి అంటించినట్టు మాడిపోయినాయి.
ఊరగాయ జాడీ మూతికి పేరుకున్నట్టు
కుండీ అంచున తెల్లటి పూత.

తాత వచ్చి తిట్టలేదు.
మట్టిలో వేలు దూర్చి, నాలిక్కానించి, ఉమ్మేసినాడు.
"ఇది ఆకలి కాదు మే,
సముద్రంలో దప్పిక."

వాననీళ్ళ డ్రమ్ములు మూడు తెరిచినాం.
ఒక్కో కుండీకి పోయడం, కింది బెజ్జం వైపు చూడడం.
మొదట డికాషను కారింది,
తర్వాత పలచటి టీ,
ఆ తర్వాత కుడితి కడిగిన రంగు.
కొండ మీద లైట్లు వెలిగే యాలకు
ఇరవయ్యో కుండీ కింద నీళ్ళు నీళ్ళలాగా వచ్చినాయి.
నా రెండు వారాల కూలీ పట్టుకున్నాడు.
అదీ చెప్పాల.

నెలరోజులు ఏమీ పెట్టగూడదన్నాడు.
పిండి తేట కూడా వద్దు.
ఎరువు కలపడం ఎవరికైనా వస్తుంది.
పొద్దున్నే చెంబు పట్టుకొని
మాడిన ఇరవైటి మధ్య నిలబడి
చెయ్యి కట్టేసుకోవడం
ఇంకెవరైనా నేర్పిస్తారా?

కుండీల పుస్తకంలో నా రాత:
పదో కుండీ, నీళ్ళు మాత్రమే.
పదకొండు, నీళ్ళు మాత్రమే.
పన్నెండు, పదమూడు, అదే.

ఈ పొద్దు పదకొండో దాని మధ్యలోంచి
సూదంత మొలక లేచింది.
తాతకింకా చూపించలేదు.
ఏ పచ్చో చెప్పలేను,
చుట్ట ఇంకా విప్పలేదది.