ఖాళీ కెమెరా చప్పుడు

చియాతూరాలో ఆ చలికాలం
కరెంటు వారానికి రెండు గంటలు వచ్చేది,
అదీ చుట్టపుచూపుగా.
కొండకీ కొండకీ మధ్య రోప్‌వే పెట్టెలు
ఎక్కడివక్కడ ఆగి వేలాడుతుంటే
గనుల మసి కలిసిన క్విరీలా నది
కిందనుంచి నల్లగా చూస్తూ పోయేది.

నా దగ్గర నాలుగు డబ్బాల ఫిల్ము.
గడువు దాటినవి. ఎక్కడివని అడక్కండి.
కథ మాత్రం నలభై డబ్బాలకు సరిపడా ఉంది.
వయసు అలాంటిది:
ప్రతి పాత్రకీ ఒక గతం, ప్రతి గతంలో ఒక వాన.

కెమెరామన్ ముర్మాన్
వేళ్లు కత్తిరించిన చేతితొడుగులతో
స్క్రిప్టు తిరగేశాడు.
"వాన కొట్టెయ్, నీళ్లు గడ్డకట్టాయి."
కొట్టేశాను.
"పెళ్లి కొట్టెయ్, విందుకి రొట్టె ఎవడిస్తాడు?"
కొట్టేశాను.
"యుద్ధం?"
అది మేం తీయక్కర్లేకపోయింది.
సుఖుమీ నుంచి వచ్చినవాళ్లు
రైల్వేస్టేషన్‌లో మూటల మీద నిద్రపోతున్నారు.

చివరికి మిగిలింది
కదలని పెట్టెలో కూర్చున్న ఒక ఆడమనిషి,
ఎదుటి కొండ మీద ఆమె ఇల్లు.
ఇంతేనా, అన్నాను.
ఇంత ఉంది కదా, అన్నాడు ముర్మాన్.

ఝుఝునా నటి కాదు.
త్బిలిసీ స్టూడియోలో ముప్ఫై ఏళ్లు
నెగటివ్‌లు అతికిన మనిషి.
ఎవరెవరి ముద్దుల్నో, చావుల్నో
బ్లేడుతో కోసి జిగురుతో కలిపిన వేళ్లు.

మొదటి టేకులో అచ్చం నేను చెప్పినట్టే చేసింది,
అందుకే పనికిరాలేదు.
రెండోదాంట్లో కుక్క మొరిగింది.
మూడోదాంట్లో నా దగ్గు.
నాలుగోసారికి ముర్మాన్ నా చెవిలో,
"అయిపోయింది. ఒక్క అడుగు కూడా లేదు."

ఆమె అప్పటికే ఎక్కి కూర్చుంది,
పెదాలు నీలం తిరిగి.
ఎలా చెప్పను?
"కెమెరా," అన్నాను.
ముర్మాన్ నా ముఖంలోకి ఒకసారి చూసి
మీట నొక్కాడు.

ఝుఝునా కోటు జేబులోంచి తాళంచెవి తీసి
నోటి ఆవిరితో వెచ్చబెట్టింది.
ఎదుటి కొండ మీద
దీపాల్లేని కిటికీల్ని వేలితో లెక్కపెట్టింది.
ఒకదాన్ని దాటేసింది.
చాలాసేపటికి వెనక్కొచ్చి
దాన్నీ లెక్కలో కలుపుకుంది.

ఇది నేను రాయలేదు.
రాయమన్నా తట్టేది కాదు.
"కట్" అనడానికి నోరు పెగల్లేదు.

దిగడానికి చేయి అందించాను.
"ఖాళీగా తిరిగితే దాని గొంతు మారుతుంది," అంది,
"పళ్లూడిన ముసలాడు రొట్టె నమిలినట్టు."
"తెలిసి మరి, ఎందుకు..."
"ఇందాకటిదాకా నువ్వు గడియారం చూశావు.
ఈసారి నన్ను చూశావు.
పద, టీ ఏమైనా ఉందా?"

సినిమా మొదటి టేకుతోనే విడుదలైంది.
ఆ చివరి దృశ్యాన్ని ఎవరెవరో మెచ్చుకున్నారు.
తల వంచుకుని దండ వేయించుకున్న దొంగలా
నిలబడ్డాను.

తర్వాత తొమ్మిది సినిమాలు.
ఫిల్ముకి కొదవలేని రోజులు వచ్చాయి,
ఆపైన ఫిల్మే లేని రోజులు.
ఏ కథ ముగించినా రాత్రి లేచి
దాటేసిన కిటికీ ఏదా అని వెతుక్కుంటాను.
ఒక్కోసారి దొరుకుతుంది. ఎక్కువసార్లు తెల్లారిపోతుంది.

ఝుఝునా పోయింది. నిరుడు ముర్మాన్ కూడా.
ఆ నాలుగో టేకు ఇప్పుడు
నా ఒక్కడి కళ్ల వెనకే ఆడుతోంది,
అదీ చెప్పిన ప్రతిసారీ కొంచెం అరుగుతూ.
మొన్నెవరికో చెబుతూ తొమ్మిది కిటికీలన్నాను.
ఈ రాత్రి పదకొండేమో అనిపిస్తోంది.
కుక్క ఏ టేకులో మొరిగిందో కూడా
ఒట్టేసి చెప్పలేను.