నలభై మూడో పేరు

విన్నిపెగ్‌లో మూడున్నరకి బడి విడుస్తారు.
చలికాలం నాలుగున్నరకల్లా చీకటి.
ఆ తర్వాతి గంటలు ఎవరి లెక్కలోవో
ఎవరూ చెప్పరు.

లుజ్విమిండా సిటీ బస్సు నడుపుతుంది.
కొడుకు ఇసాగాని, ఎనిమిదేళ్లు,
ఆమె వెనక సీట్లో ఎక్కాలు రాసుకుంటూ
ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి
సాయంత్రమంతా తిరుగుతూనే ఉంటాడు.

బడి విడిచాక పిల్లల్ని చూసే చోట్లు ఆ చుట్టుపక్కల మూడు.
రెండింట్లో పేరు కూడా రాసుకోలేదు.
చర్చి కింది గదిలో నడిచేదాంట్లో మాత్రం
వాడిది నలభై మూడో పేరు.
కిందటేడు నలభై ఏడు.
"నత్తకి కాళ్లొచ్చినట్టున్నాయి" అంటుందామె
అద్దంలోంచి నాతో.

నేను ఆసుపత్రి లాండ్రీ దగ్గర దిగేవాణ్ణి.
వాడికి నా స్టాపు తెలుసు, నా మోకాలి సంగతీ తెలుసు.
మెట్టు మీద మంచుంటే ముందే అరుస్తాడు.

నిన్న వంతెన ఎక్కుతుంటే
ఆమె సంచీలో ఫోను మోగింది.
రెండు చేతులూ స్టీరింగు మీద.
"ఎవరో చూడు నాన్నా."

వాడు విన్నాడు. చాలాసేపే విన్నాడు.
కిటికీ మంచు మీద గోటితో గీసుకున్న బస్సుకి
ఇంకో చక్రం పెట్టాడు.
"రాంగ్ నంబరమ్మా."

ఫోనులో ఆవిడది పెద్ద గొంతు.
ఒక చోటు ఖాళీ అయిందట,
రేపు పదింటిలోగా చెప్పకపోతే
తర్వాతి పేరుకి ఇస్తారట.

నా స్టాపొచ్చింది.
ఆమె పక్కన నిలబడి జేబులు తడుముకున్నాను.
"దిగేవాడికి చిల్లరెందుకూ?" నవ్వింది.

నేను నోరు తెరిచాను.

"మెట్టు మీద మంచుంది" అన్నాడు వెనక నుంచి,
ఈసారి అరవకుండా.