అనామతు ఖాతా

పుస్తకంల ఎప్పుడూ ఎవడో ఒకాయన
జనవరి ఒకటో తారీఖు నాడే యాపారం మొదలుపెడ్తడు,
యాభై వేల నగదుతోని.
ఆ యాభై వేలు యాడివని
ఒక్క లెక్క కూడా అడగది.

బాదేపల్లి కాలేజీల, రేకుల గదిల,
చెన్నకేశవులు సారు బోర్డు నడుమ నిలువు గీత గీస్తడు.
“వచ్చింది ఎడమకు రాయుండ్రి, పోయింది కుడికి.
ఏడ్చింది, నవ్వింది ఎటూ రాయొద్దు.”

మొదటి నెలంత నాకు తలకిందులే.
సారు నగదును డెబిట్ అంటడు,
బ్యాంకోడు నా పైసలను క్రెడిట్ అంటడు.
ఆ పైసలు వాడు నాకు బాకీ అని
సమజైన రోజు
మిడ్జిల్ బస్సుల ఒక్కదాన్నే నవ్వుకున్న.
చిల్లర లేదని టికెట్టు ఎనక రెండు రూపాయలు రాసిచ్చిన కండక్టరు
నా మొదటి రుణగ్రస్తుడు.

అంకణా కుదరకపోతే
తేడాను తొమ్మిదితోని భాగించమన్నడు సారు.
శేషం లేకుండ తెగిందా,
యాడనో రెండు అంకెలు
ఒకదాని జాగల ఒకటి కూసున్నయన్నట్టు.
అప్పటికీ దొరకకపోతే
తేడా మీద గొంగడి కప్పి
అనామతు ఖాతా అని పేరు పెట్టుండ్రి, మార్కులు పోవు.

పొద్దుగూకితే మార్కెట్ యార్డుల నా పని,
పోల విశ్వనాథం సేటు అడ్తి దుకాణంల.
ముక్కుల నిండ పల్లికాయ దుమ్ము,
వేళ్లకు తక్‌పట్టీల నీలం కార్బన్.
పాత మునీము ఇడిసిపోయిన ఆవర్జా ఆఖరి పేజీల
అనామతు: పద్దెనిమిది వందలు.
పోయినేటి మూటను విప్పకుండనే
ఈ ఏటికి ఎత్తుకొచ్చిండ్రు.

ఊకెనే, అలవాటుకొద్ది, తొమ్మిదితోని భాగించిన.
రెండు వందలు.
శేషం లేదు.

మూడు రాత్రులు
చిట్టా ఒక మోకాలు మీద, ఆవర్జా ఒక మోకాలు మీద.
చిట్టాల: ఇప్పలమ్మ, ఊరుకొండపేట, విత్తనాలకు 3,570.
ఆవర్జాల: 5,370.

పోయిన కార్తీకంల ఆమె కాయ దించి
ఇదే గడప ముంగట నిలబడ్డదంట.
“నేను గంత తీస్కోలే సేటూ.”
“కాగితం అబద్ధమాడ్తదా?” అన్నడంట మునీము.
హమాలీలు సుత నవ్విండ్రంట.
కాయ పైసలల్ల పట్టుకోంగ
మిగిలింది కొంగున ముడేసుకొని పోయిందంట.

సేటుకు చూపిచ్చిన.
అద్దాలు తీసి తుడుసుకున్నడు.
“అనామతులనే ఉండనీ బిడ్డా. ఎవరడిగిండ్రు?”
పుస్తకంల ఉన్నట్టే అప్పజెప్పిన:
అనామతు ఖాతా డెబిట్,
ఇప్పలమ్మ ఖాతా క్రెడిట్,
పొరపాటు సవరించినందుకు.
గొంతు వణికింది గానీ పద్దు వణకలే.
శానాసేపు పెన్ను మూత తిప్పి తిప్పి
రాయమన్నడు.

అంగడి నాడు వచ్చింది ఇప్పలమ్మ.
పద్దెనిమిది వందలు లెక్కవెట్టి చేతుల పెట్టిన.
నిజం చెప్పాల్నంటే
దండం పెడ్తదేమో అనుకున్న.
ఆమె నోట్లు మడిసి, నా మొఖం చూసి
“మిత్తి?” అన్నది.

“నాకిచ్చేటప్పుడు నూటికి రెండు ఏస్తిరి గద.
నెలకు ముప్పై ఆరు.
కార్తీకం కెంచి పుష్యం దాక పద్నాలుగు నెలలు.
ఐదు వందల నాలుగు.”

నేను ఇంక క్యాలిక్యులేటరు కోసం
సొరుగు గుంజుతున్న.
సేటు గోడ మీది క్యాలెండర్ల
ఎన్నడూ చూడని తిథులు చూస్తుండు.

తెల్లారి సారును అడిగిన, దీనికి ఏ ఖాతా అని.
“సిలబస్‌ల లేదు” అని నవ్విండు.
జరసేపటికి నవ్వుడు ఆపి
బోర్డంత తుడిసి
మళ్ల నిలువు గీత గీసిండు. ఏం రాయలే.

వచ్చే అంగడికి ఆమె మళ్ల వచ్చింది.
గడప కాడ బస్తా మీద కూసొని
పల్లికాయ ఒలుసుకుంట, తొందర లేకుండ.
నేను అనామతు పేజీ తీసి
ఐదు వందల నాలుగు అని నోట్ల అనుకొని,
ఎడమకా, కుడికా,
పెన్ను ఇంక గాలిలనే ఉన్నది.